బొద్దింకలు తొక్కని చోటు

ఆమెకు అసలు పేరు ఒకటుండేది గానీ, కాపురానికి వచ్చిన మూడో రోజునే అది మూలపడింది. స్నానాలగదిలో బొద్దింకను చూసి ఆమె అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు సైతం పరుగెత్తుకొచ్చారు. మరిది అక్కడికక్కడే 'కెవ్వమ్మ' అని పేరు పెట్టేశాడు. అత్తగారు కడుపు పట్టుకుని నవ్వింది. భర్త నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఆమె కూడా నవ్వేసింది. తనకే నవ్వొచ్చే భయం అది. పాము కనబడితే కర్ర కోసం వెతికే మనిషి, బొద్దింక మీసం కనబడితే మంచమెక్కి కూర్చునేది. మనమూ ఆమెను కెవ్వమ్మ అనే అనుకుందాం.

ఆ పేరు చెప్పుకుని ఆ ఇల్లు రెండేళ్ళు నవ్వుకుంది. తర్వాత ఒక ఉదయం, ఎనిమిది నెలల బుజ్జికి నీళ్ళు పోసి, తువ్వాలులో చుట్టుకుని కెవ్వమ్మ మెట్లు దిగుతోంది. ఎక్కణ్ణించి ఎగిరిందో, ఒక బొద్దింక వచ్చి ఆమె మెడ మీద వాలింది. కెవ్వమ్మ కెవ్వుమంది. రెండు చేతులూ మెడ మీదికి పోయాయి.

రెండు చేతులూ.

పిల్ల బతికింది. ఎడమ మోచెయ్యి మాత్రం నుజ్జయింది. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేసి, ఆ చెయ్యి ఇక సగానికి మించి సాగదని, ఎన్నేళ్ళొచ్చినా అంతేనని చెప్పి పంపారు. ఇంట్లో ఎవరూ కెవ్వమ్మను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి పిల్ల అత్తగారి గదిలో పడుకునేది. కెవ్వమ్మ నేల మీద కూర్చుంటేనే పిల్లను ఒళ్ళో పెట్టేవారు. లేవబోతే మెల్లగా తీసేసుకునేవారు. "కాస్త కూర్చోమ్మాయ్, ఇస్తాను" అనేది అత్తగారు, ఎంతో నెమ్మదిగా. ఆ నెమ్మదితనం కెవ్వమ్మ గుండెల్లో గుచ్చుకునేది. మరిది కూడా ఆమెను ఆ పేరుతో పిలవడం మానేశాడు. ఆ ఇంట్లో ఆమెకు అసలు పేరూ పోయి, ముద్దుపేరూ పోయి, 'అమ్మాయ్' ఒక్కటే మిగిలింది.

ఇంటికి పది నిమిషాల నడకలో పురుగుల మందు తయారుచేసే కంపెనీ ఒకటుంది. మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే పురుగులు కావాలి కదా. అందుకని వాళ్ళే ఒక గదిలో బొద్దింకల్ని పెంచుతారు. ఆ గదికి మనిషి కావాలని గేటు దగ్గర కాగితం అంటించారు. కెవ్వమ్మ దాన్ని మూడు రోజులు చదివి, నాలుగో రోజు లోపలికి వెళ్ళింది.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు భర్త.

"పోయిన మతి తెచ్చుకుందామనే వెళ్తున్నానండీ" అంది.

ఆ గదికి కిటికీల్లేవు. రెండు తలుపులు, ఒకటి మూశాకే ఇంకోటి తెరవాలి. లోపల ఉక్కపోత, తడిసిన అట్టపెట్టెల వాసన, దాని అడుగున నూనె మడ్డి లాంటి ఇంకో వాసన. గోడల పొడుగునా అరల మీద నలభై గాజుపెట్టెలు. గది నడుమ మోకాలెత్తు గోడలతో నాలుగు మంచాలంత పెద్ద తొట్టి. తొట్టి గోడల లోపలివైపు పైభాగమంతా వాజలీను పూసి ఉంటుంది, ఎక్కితే జారిపడేలా. అందులో ఆరేడు వేల బొద్దింకలు విచ్చలవిడిగా తిరుగుతుంటాయి.

ఆ గదిలో రాత్రీ పగలూ తారుమారు. బొద్దింకలు చీకట్లోనే తిరుగుతాయి, పనివాళ్ళు పగలే వస్తారు. ఇద్దరికీ కుదిరేలా, గదిలో ఉదయం ఆరింటికి దీపాలు ఆరిపోయి సాయంత్రం ఆరింటికి వెలిగేలా మీట పెట్టారు. పగలంతా లోపల ఒక ఎర్రబల్బు వెలుగుతుంది. ఎర్రరంగు వాటి కంటికి ఆనదట. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తున్నా, రెండో తలుపు దాటితే అర్ధరాత్రే.

ఆ అర్ధరాత్రికి యజమానురాలు పెద్దమ్మ. ఇరవై రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. కంపెనీలో అందరికంటే పెద్ద అధికారి అయిన కళ్ళద్దాల సారు సైతం ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవాడు. సన్నగా, పొట్టిగా, అడుగు చప్పుడు వినిపించకుండా నడిచేది. మొదటి రోజు కెవ్వమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. చెవుల నిండా సన్నటి గరగర. ఎవరో పక్కగదిలో కాగితాలు నలుపుతున్నట్టుంది. పైప్రాణాలు పైనే పోయి, గోడ పట్టుకుని కెవ్వుమంది.

తొట్టిలో వేల బొద్దింకలు ఒక్కసారిగా అటువైపు గోడకు దూసుకుపోయాయి.

"చూశావా," అంది పెద్దమ్మ గుసగుసగా, "ఒక్కదానివి అరిస్తే ఆరు వేల ప్రాణాలు హడలి చచ్చాయి. ఇప్పుడు చెప్పు, ఎవరికి ఎవరంటే భయం?"

ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగి, సంగతి విని, పెద్దమ్మ శబ్దం లేకుండా నవ్వింది. "మంచి పేరే. ఇక్కడ మాత్రం ఆ కెవ్వు మింగెయ్యాలి. గాలి కదిలితే చాలు, వాటికి మనం తెలిసిపోతాం. వెనకాల రెండు తోకల్లాంటివి ఉంటాయి చూడు, వాటి మీద వెంట్రుకలుంటాయి. నీ ఊపిరి తగిలినా పరుగే. నోటితో ఊపిరి తీయకు. ముక్కుతో తీసుకో. మెల్లగా వదులు. ఇంకా మెల్లగా."

అలా మొదలైంది. మొదటి వారం తలుపు దగ్గర నిలబడి ఊపిరి తీయడమే పని. రెండో వారం గాజుకు అరచెయ్యి ఆనించడం. నెలన్నరకు పెట్టెలో చెయ్యి పెట్టింది. ఇంటికి వెళ్ళి ఆ చెయ్యిని తోలు ఊడేలా తోముకుని, స్నానాలగదిలో కూర్చుని ఏడ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. పిల్లను నిలబడి ఎత్తుకోవాలి. ఆ ఒక్క కోరికా లేకపోతే ఆమె ఆ తలుపు రెండోసారి తెరిచేదే కాదు.

"అది నా మెడ మీదికే ఎందుకొచ్చింది పెద్దమ్మా?" అని అడిగిందోసారి.

"నీ కోసం రాలేదే పిచ్చిదానా. వెలుతుర్లో చిక్కుకుంది. నీ జుట్టు కింద చీకటి కనబడింది. వాటికి కావలసింది ఒళ్ళంతా ఆనుకునేంత ఇరుకు, కాస్త చీకటి, పక్కన తనలాంటివి నాలుగు. ఒంటరిగా పెంచితే పిల్లలు సరిగ్గా ఎదగవు కూడా. మనకేం కావాలో వాటికీ అదే."

 ఇన్నాళ్ళూ తన మీద పగబట్టి వచ్చిందనుకున్న పురుగు, పాపం, దాక్కోవడానికి వచ్చింది. ఆ మాటకు ఆమెకు కోపం రావాలో జాలి కలగాలో తెలియలేదు.

ఆ తర్వాత ఆమె చూపు మారింది. బొద్దింక తన మీసాన్ని నోట్లోకి వంచుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా శుభ్రం చేసుకోవడం చూసింది. తల్లి తన గుడ్ల తిత్తిని వెనకాలే మోసుకుని తిరగడం, ఎంత తరిమినా దాన్ని జారవిడవకపోవడం చూసింది. అది చూసిన రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయింది.

పెద్దమ్మ దగ్గర ఒక కచ్చితమైన పద్ధతి ఉండేది. చచ్చిన పురుగు పడున్న అట్టముక్కను ఆ రోజే తీసేసి కాల్చాలి. పురుగులు చచ్చిన పెట్టెలో ఏ సామానూ ఇంకో పెట్టెలోకి పోకూడదు, గది దాటి అసలే పోకూడదు. "వాటికి తమ చావు వాసన తెలుసు. చచ్చినవి పడున్న చోట బతికున్నది అడుగు పెట్టదు" అనేది. అది నిజమే. కెవ్వమ్మ ఒకసారి మరిచిపోయి అలాంటి అట్టను వేరే పెట్టెలో వేస్తే, రెండు వందల బొద్దింకలు రోజంతా దాని చుట్టూ తిరిగాయే తప్ప ఒక్కటీ ఎక్కలేదు.

అందుకే, ఆ మధ్యాహ్నం చూసింది ఆమెకు అర్థం కాలేదు.

ఎర్రబల్బు వెలుగులో తొట్టికి నీళ్ళు పెడుతోంది. పెట్టెల్లోంచి తప్పించుకున్నవి గది నేల మీద ఎప్పుడూ నలభై యాభై తిరుగుతూనే ఉంటాయి. అవి ఒకచోట పక్కకు తప్పుకుని వెళ్తున్నాయి. అక్కడేమీ లేదు. చచ్చిన పురుగు లేదు, తడి లేదు. వట్టి నేల. పక్కపక్కన రెండు ఖాళీలు. అరికాళ్ళంత.

తొట్టిలోకి చూసింది. ఆ ఖాళీలకు దగ్గరున్న గోడవైపు ఒక్క బొద్దింకా లేదు. అన్నీ అవతలి మూలకు పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డాయి. వేల మీసాలు... ఒక్క వైపుకే తిరిగి ఉన్నాయి.

"పెద్దమ్మా..."

"చూశాను. కదలకు."

రెండు ఖాళీలు ముందుకు జరిగాయి. ఒకటి. తర్వాత ఇంకోటి. పదిహేడో నంబరు పెట్టె ముందు ఆగాయి. పెట్టెలోని పురుగులన్నీ వెనక గాజుకు అతుక్కుపోయాయి. ఎంతసేపో తెలియదు. తర్వాత నేల మీది బొద్దింకలు ఆ చోట మామూలుగా నడవడం మొదలుపెట్టాయి.

మర్నాటికి పదిహేడో పెట్టెలో ఒక్కటీ మిగల్లేదు. అన్నీ వెల్లకిలా పడి చచ్చిపోయాయి. సారు వచ్చి, ఏదో తెగులు అని రాసుకుని వెళ్ళాడు.

"ఏమిటది?" అని అడిగింది కెవ్వమ్మ, బయట ఎండలో కూర్చున్నాక. ఆ మాట లోపల అడగడానికి ధైర్యం చాలలేదు.

"నాకూ తెలియదు. ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. వెలుతుర్లో ఎప్పుడూ కనబడలేదు. వచ్చి దేని ముందు ఆగితే అది పోతుంది" అంది పెద్దమ్మ. చేతిలోని టీ చల్లారిపోయినా తాగుతూనే ఉంది. "మనకు కనబడదు, వినబడదు. వాటికి తెలుస్తుంది. పారిపోవడానికి దారుంటే పారిపోతాయి. తొట్టిలో దారి లేదు కదా, అందుకని గుట్టగా కూడి గోడలా నిలబడతాయి. ఆ గుట్ట దగ్గరికి మాత్రం అది వెళ్ళదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తొట్టిలోకి దిగలేదు."

"మనుషుల ముందు ఎప్పుడైనా ఆగిందా?"

 పెద్దమ్మ టీ గ్లాసు కడుక్కోవడానికి లేచిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు మూడు నెలల తర్వాత తెలిసింది. ఒక సోమవారం కెవ్వమ్మ వచ్చేసరికి పెద్దమ్మ తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని, గోడ మీదికి ఒరిగిపోయి ఉంది. కుడిచెయ్యి భుజం దాకా తొట్టిలో ఉంది. ఆ చేతి మీద చర్మం కనబడనంతగా బొద్దింకలు పాకుతున్నాయి. మిగతా ఒంటి మీద ఒక్కటీ లేదు. స్టూలు చుట్టూ కూడా లేవు. ఆదివారం నీళ్ళు పెట్టడానికి వచ్చి, గుండె ఆగి పోయిందన్నారు. నీళ్ళ గిన్నె తీయబోతూ పడిపోయి ఉంటుందని సారు అన్నాడు.

కెవ్వమ్మకు మాత్రం అర్థమైంది. పెద్దమ్మ తొట్టిలో దాక్కోబోయింది. చెయ్యి ఒక్కటే దిగింది. మనిషి దిగేలోపే... అయిపోయింది. తన చేతిని పట్టి పెట్టెలో పెట్టించిన మనిషి, అంత ధైర్యమిచ్చిన మనిషి, ఒక్కర్తీ ఎంత భయపడి ఉంటుందోనని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రం గది శుభ్రం చేసి బయటపడేటప్పుడు ఆమె చెప్పు తెగింది. తలుపు పక్కన పెద్దమ్మ రబ్బరు చెప్పులు ఉన్నాయి, అరిగిపోయినవి. దుఃఖంలో ఉన్న మనిషి కదా, ఆలోచించలేదు. గుర్తుగానైనా ఉంటాయనుకుని వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ అట్టముక్క పొరపాటు తర్వాత తు.చ. తప్పకుండా పాటించిన పద్ధతి ఆ ఒక్క రోజే తప్పింది.

ఇంటి దగ్గర మాత్రం ఆమెకు మంచి రోజులు వస్తున్నాయి. ఒకరోజు వంటింటి గట్టు మీద బొద్దింక కనబడితే అత్తగారే కెవ్వుమంది. కెవ్వమ్మ నింపాదిగా వెళ్ళి, దాన్ని గుప్పిట్లో మూసి, పెరట్లో వదిలేసి వచ్చింది. అత్తగారు ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. ఆ రాత్రి తల్లీకొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు.

"ఆదివారం అమ్మకు కళ్ళ పరీక్ష ఉంది. నేనూ తమ్ముడూ తీసుకెళ్తాం. బుజ్జిని... నీ దగ్గర వదిలేసి వెళ్తాం" అన్నాడు భర్త. తల వంచుకుని చెప్పాడు.  మాట వస్తే ఏడుపొస్తుందని కెవ్వమ్మ తలూపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం ఉదయం వాళ్ళు వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, బుజ్జిని నిలబడి ఎత్తుకుంది. పదహారు నెలల తర్వాత, పక్కన ఎవరూ లేకుండా. పిల్లకు రెండేళ్ళు నిండాయి, బరువైంది. ఇల్లంతా మోసుకు తిరిగింది. "దింపవే బాబూ" అన్నట్టు పిల్ల కాళ్ళు తన్నుకుంటున్నా దింపలేదు. వంకర తిరిగిన ఆ చిన్న మోచేతిని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుందో.

మధ్యాహ్నం పన్నెండున్నరకు బుజ్జిని నిద్రపుచ్చింది. పక్కనే కూర్చుని చూస్తోంది. ఎండకు కిటికీ తెరలు మూసి ఉన్నాయి. గది మసకగా ఉంది.

సన్నటి గరగర వినిపించింది.

స్నానాలగది తూములోంచి బొద్దింకలు వస్తున్నాయి. పట్టపగలు. ఒకటి, మూడు, పది... తర్వాత లెక్క లేదు. అల్మారా కింద నుంచి, తలుపు సందుల్లోంచి... ఇంట్లో ఇన్ని ఉన్నాయని ఆమెకే తెలియదు. అన్నీ వీధి గుమ్మం వైపు పరుగెడుతున్నాయి. గది నడుమకు వచ్చేసరికి రెండుగా చీలి, పక్కకు తప్పుకుని, మళ్ళీ కలుస్తున్నాయి.

మంచానికి రెండడుగుల దూరంలో. పక్కపక్కన... రెండు ఖాళీలు.

 ఆ ఖాళీల ఆకారం స్పష్టంగా ఉంది. మడమ దగ్గర అరిగి, ముందువైపు గుండ్రంగా... చెప్పుల ఆకారం. చూపు గుమ్మం వైపు పోయింది. పెద్దమ్మ చెప్పులు అక్కడే ఉన్నాయి. తనే తెచ్చింది. తనే ఇంట్లోకి తెచ్చింది.

ఒక ఖాళీ ముందుకు జరిగింది.

ఆమె పిల్లను లాక్కుని పరుగెత్తింది. పోతూ పోతూ ఆ చెప్పులు చేత్తో పట్టుకుంది, ఇంట్లో ఉంచడానికి మనసొప్పక. వీధి, మలుపు, పెద్ద రోడ్డు, కంపెనీ గేటు. ఎండకు తారు కాలుతోంది, వట్టికాళ్ళు బొబ్బలెక్కుతున్నా తెలియలేదు. ఆదివారం నీళ్ళ కోసం వచ్చిందనుకుని వాచ్‌మన్ గేటు తీశాడు. "పిల్లనెందుకు తెచ్చావమ్మా?" అంటున్నాడు వెనకనుంచి. మొదటి తలుపు. రెండో తలుపు. అర్ధరాత్రి.

చెప్పుల్ని మూలకు విసిరేసి, పిల్లను గుండెకు అదుముకుని, కెవ్వమ్మ తొట్టిలోకి దిగింది. నడుమ కూర్చుంది.

మొదట అన్నీ దూరంగా పారిపోయాయి. ముక్కుతో ఊపిరి తీసుకుంది. మెల్లగా వదిలింది. ఇంకా మెల్లగా. కదలకుండా రాయిలా ఉంది. కాసేపటికి మడమ దగ్గర ఒక మీసం తగిలింది. తర్వాత మోకాలు. మడత పడిన బట్టల్లోకి, చంకల్లోకి, జుట్టులోకి ఎక్కసాగాయి. ఇరుకు కోసం, చీకటి కోసం. సన్నటి ముళ్ళున్న కాళ్ళు మెడ మీద ఆగాయి. అదే చోట. పదహారు నెలల కింద అది వాలిన చోటే. చేతులు లేవబోయాయి...

లేవలేదు. ఆమె వేళ్ళు బుజ్జిని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

బుజ్జి కళ్ళు తెరిచింది. అరచేతి మీద పాకుతున్న దాన్ని ఎర్రటి వెలుగులో వింతగా చూసింది. "చక్కిలిగిలి" అంది.

"అవును నాన్నా. మాట్లాడకు. పడుకో."

ఒంటిగంటకు గరగర ఆగిపోయింది. గదిలో అన్ని పెట్టెల్లోనూ ఒక్కసారే. ఆ గదిలో నిశ్శబ్దాన్ని కెవ్వమ్మ వినడం అదే మొదటిసారి.

తర్వాత తొట్టి ఎడమవైపు గోడ దగ్గర బొద్దింకలు ఖాళీ చేసి లోపలికి వచ్చాయి. అన్నీ ఆమె మీదికే వచ్చాయి. బరువు తెలిసేంతగా. భుజాల మీద, తల మీద, కనురెప్పల మీద... పెదవులు బిగించింది. పిల్ల ముఖాన్ని తన గుండెలో దాచింది. ఒంటి మీది వేల మీసాలు ఎడమవైపు తిరిగాయి. అది అక్కడ నిలబడి ఉంది. తర్వాత కాళ్ళ వైపుకు వచ్చింది. కుడివైపు. మళ్ళీ ఎడమవైపు. చుట్టూ తిరుగుతోంది... తొందరేమీ లేనట్టు.

కెవ్వమ్మ వదల్లేదు. చేతులు తిమ్మిరెక్కి, నొప్పెక్కి, చివరికి ఉన్నాయో లేవో తెలియకుండా పోయాయి. అయినా వదల్లేదు. ఆరింటికి తెల్లటి దీపాలు భగ్గున వెలిగాయి. బొద్దింకలు జలజలా రాలి అట్టల కిందికి దూరాయి. తొట్టి నాలుగువైపులా మామూలుగా ఉంది. పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంది, ఊపిరి తీస్తోంది. కెవ్వమ్మ పిచ్చిదానిలా నవ్వింది, ఏడ్చింది. చెప్పుల్ని అట్టలు కాల్చే డబ్బాలో వేసి బూడిదయ్యే దాకా నిలబడి చూసి, వట్టికాళ్ళతో ఇంటికి నడిచింది.

అప్పటికే వాళ్ళు వచ్చేసి గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. కంపెనీలో నీళ్ళ పనికి వెళ్ళొచ్చానంది. అత్తగారు పిల్లను తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసింది. చిన్న గీత కూడా లేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పిల్లను తెచ్చి, నిలబడి ఉన్న కోడలి చేతుల్లో పెట్టింది.

"ఇక నుంచి నీ దగ్గరే పడుకోబెట్టుకో అమ్మాయ్" అంది.

"అయితే ఇక కెవ్వమ్మ కాదన్నమాట మా వదిన! ఇంకో పేరు వెతకాలి" అన్నాడు మరిది. చాలా కాలానికి ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వారు.

కెవ్వమ్మ పిల్లను ముందుగదిలో దింపి, పాలు వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది. గిన్నె పొయ్యి మీద పెట్టింది. గట్టు కింద నుంచి గరగర. మధ్యాహ్నం పారిపోయినవి తిరిగొచ్చినట్టున్నాయి, నేల మీదికి బయల్దేరాయి. ఆమెకు వాటి మీద ఆత్మీయత పొంగుకొచ్చింది.

"ఏమర్రా, దీపం ఉండగా వచ్చారేం?" అంది ముద్దుగా.

అన్నాక ఆ మాటే ఆమెకు చల్లగా తగిలింది. దీపం ఉండగా... వాటి మీసాలన్నీ ఆమె వెనక ఉన్న గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.

తిరిగి చూసింది. గుమ్మంలో బుజ్జి నిలబడి ఉంది. బుజ్జికి ఎదురుగా, బొద్దింకలు తప్పుకున్న నేల మీద, రెండు ఖాళీలు. ఈసారి చెప్పుల ఆకారం కాదు. ఐదు వేళ్ళూ విడివిడిగా తెలుస్తున్నాయి.

బుజ్జి తల పైకెత్తి చూస్తోంది. తల్లిని కాదు.

ముందుగదిలో అత్తగారు, భర్త, మరిది ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. మధ్యలో ఒక్క గోడ. ఒక్క కేక వేస్తే ముగ్గురూ పరుగెత్తుకొస్తారు. కెవ్వమ్మ నోరు తెరిచింది. ఊపిరి వచ్చింది... ముక్కుతో. మెల్లగా. ఇంకా మెల్లగా. గొంతులో కెవ్వు కోసం వెతుక్కుంది. పదినెలలుగా మింగి మింగి... అది లేదు.

"అమ్మాయ్, పిల్ల నీ దగ్గరే ఉందిగా?" అని అడిగింది అత్తగారు, గోడ అవతల నుంచి.

ఎదురుగా రెండు ఖాళీలూ మెల్లగా పూడుకుపోయాయి. బొద్దింకలు వాటి మీదుగా నడిచాయి. నడిచి, గుమ్మం దాకా వెళ్ళి... బుజ్జి పాదాల చుట్టూ తప్పుకున్నాయి.

బుజ్జి ఒక అడుగు ముందుకు వేసింది. బొద్దింకలు చీలి దారిచ్చాయి. పిల్ల ఇప్పుడు తల్లినే చూస్తోంది, నవ్వుతోంది.

"అమ్మా, ఎత్తుకో" అంది.

రెండు చేతులూ చాపింది. రెండూ నిటారుగా, సమానంగా.